గడ్డ చుట్టూ ఆవగింజలు

కిందటి వేసవిలో విశాఖలోని మా గోపాలపట్నంలోనే, సింహాచలం రైల్వే స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఉండే ఒకావిడ ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కూతురికి రొమ్ములో గడ్డ తగిలితే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చింది, అంతా ఇంగ్లీషు. ఆవిడ చదువుకోలేదు గానీ అంకెలు తెలుసు. ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇదేటి బాబూ, నలభై శాతం అని రాసారు? ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?" అని అడిగింది. ఆ వరుసలో ఉన్నది 'స్ట్రోమల్ టిల్స్'. గడ్డ కణాల గుంపుల మధ్య ఉండే జాగాలోకి రోగినుంచే వచ్చి చేరిన రక్షక కణాలు, అంటే లింఫోసైట్లు, ఎంత మేర ఆక్రమించాయో చెప్పే లెక్క అది. ఆవిడకు జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క ముక్క దగ్గరికి రావడానికి వైద్యానికి నూట అరవై ఏళ్ళు పట్టింది. సింహం నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి చూస్తుందంటారు. సింహాద్రి అప్పన్న కొండ నీడన కాపురముండేవాడికి ఆ చూపు కొత్తదేమీ కాదు కాబట్టి, నేనూ ఒకసారి వెనక్కి చూస్తాను.

మానని పుండుకు మన పెద్దవాళ్ళు పెట్టిన పేరు రాచపుండు. అంతకు చాలాముందే సుశ్రుతుడు అర్బుదమన్నాడు. పేర్లున్నాయి, కోసేయడం, కాల్చడం ఉన్నాయి, లోపల ఏం జరుగుతోందో చూసే కన్ను మాత్రం లేదు. ఆ కన్ను సూక్ష్మదర్శిని రూపంలో వచ్చింది. 1863లో జర్మనీలో రుడాల్ఫ్ విర్షో క్యాన్సర్ గడ్డల్లో తెల్లరక్తకణాలు చేరి ఉండటం గమనించాడు. వాటిని చూసి ఆయన, దీర్ఘకాలం వాపు ఉన్నచోటే క్యాన్సర్ పుడుతుందేమో అనుకున్నాడు. అంటే తెల్లకణాలు మొట్టమొదట మన కంటబడింది కాపలాదార్లుగా కాదు, అనుమానితులుగా. మరో ఇరవై ఏళ్ళకు, 1882లో, ఇటలీలోని మెస్సీనా సముద్రతీరంలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చి మర్నాడు చూశాడు. కణాలు ముల్లు చుట్టూ మూగి దాన్ని మింగజూస్తున్నాయి. మాక్రోఫేజ్ అనే మాటకు మూలం ఆ ముల్లే. ఆయనతో కలిసి 1908లో నోబెల్ పంచుకున్న పాల్ ఎర్లిష్ ఆ మరుసటి ఏడే ఇంకో అడుగు వేశాడు: ఒంట్లో క్యాన్సర్ కణాలు తరచూ పుడుతూనే ఉంటాయనీ, రక్షణ వ్యవస్థ వాటిని అణచివేస్తూ ఉండకపోతే ఈ జబ్బు ఇంకెంతో ఎక్కువగా కనిపించేదనీ అన్నాడు. అప్పటికి రుజువేమీ లేదు. ఊహ మాత్రం గొప్పది.

శస్త్రవైద్యులు ఊహల కోసం ఆగేవాళ్ళు కారు. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1894లో తన పద్ధతిని లోకానికి వివరించాడు. రొమ్ము, దానికింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు, అన్నిటినీ ఒక్కపెట్టున తీసేయడం. క్యాన్సర్ మెట్టుమెట్టుగా పాకుతుంది, చంకలోని బిళ్ళలు దాన్ని పట్టే జల్లెడలు, జల్లెడతో సహా పారేస్తే పీడ విరగడవుతుంది అన్నది ఆయన లెక్క. 'చంకలో బిళ్ళ కట్టింది' అని మనవాళ్ళు అనే ఆ బిళ్ళలు నిజానికి లింఫోసైట్ల బడులు. శత్రువును గుర్తుపట్టే పాఠం అవి నేర్చుకునేది అక్కడే. ముప్పావు శతాబ్దం పాటు ప్రపంచమంతా ఆ బడులను పునాదులతో పెకలించింది. అందుకు ఎవరినీ తప్పుపట్టను. అక్కడ బడి ఉందని ఎవరికీ తెలియదు. అయితే అదే రోజుల్లో ఒక చిన్న గొంతు వినబడింది. 1922లో మేయో క్లినిక్‌లో సిస్‌ట్రంక్, మెకార్టీ అనే ఇద్దరు రొమ్ము తీసేసిన 218 మంది కథలు తిరగేసి, గడ్డలో లింఫోసైట్లు దండిగా ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బతుకుతున్నారని గమనించారు. ఆ మరుసటి ఏడాది, 1923లో, విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల తలుపులు తెరిచాయి. మేయో మాట ఇక్కడికే కాదు, ఎక్కడికీ పెద్దగా చేరలేదు. యాభై ఏళ్ళు దుమ్ము పట్టి పడుంది.

ఆ యాభై ఏళ్ళ కొసన మా పెద్దమ్మ కథ ఉంది. మర్రిపాలెం రైల్వే క్వార్టర్సులో ఉండేది. 1970ల చివర్లో కుడి రొమ్ము, చంకలోని బిళ్ళలు తీసేశారు, తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు. గడ్డ తిరగబెట్టలేదు గానీ చెయ్యి వాచింది. లింఫు ద్రవం వెళ్ళే దారి మూసుకుపోతే అంతే. రైళ్ళలో వచ్చే చుట్టాలు చూసి చేతికి బోద వచ్చిందనుకునేవాళ్ళు. ఆవిడ దర్జీ దగ్గర ప్రతి జాకెట్టుకీ కుడిచేతి కుట్టు విప్పించి గుడ్డముక్క వేయించుకునేది. అటు చెయ్యి రెండున్నర అంగుళాల వెడల్పు ఎక్కువ. ఎడమచేతి రంగు ఒకటి, కుడిచేతి అతుకు రంగు ఇంకొకటి. క్యాన్సర్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కారు. 'పెద్దమ్మ చెయ్యి' అనేవాళ్ళం, అంతే.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పుకోవాలి. ఆ బోదకాలు జబ్బుకు మందు హెట్రజాన్. అది 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతి భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకోవడం చూసిన ఆ మనిషి ఫోలిక్ ఆమ్లం వెంటపడ్డాడు. దాన్ని తయారుచేసే దారి కనుక్కున్న తన బృందంతోనే దాని విరోధులను కూడా తయారుచేయించాడు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు వాడింది అందులో ఒకటి, అమినోప్టెరిన్. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. 1976లో ఇటలీలో బొనడోనా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మూడు మందుల కలయికలో మధ్య అక్షరం ఈ మెథోట్రెక్సేట్‌దే. కీళ్ళవాతంలో అదే మందును చిన్న మోతాదుల్లో, దారితప్పిన రక్షక కణాలను చల్లార్చడానికి వాడతారు. కీమో మందులు చాలావరకు తెల్లకణాలను తగ్గించేవే కాబట్టి అవి రక్షణ వ్యవస్థకు శత్రువులని చాలాకాలం అనుకున్నారు. 2005 నుంచి పారిస్‌లో క్రోమర్, జిట్‌వోగెల్ దంపతులు దాన్ని తలకిందులు చేశారు. మనవాళ్ళు 'ఎర్ర మందు' అని పిలిచే డాక్సోరూబిసిన్ చంపిన క్యాన్సర్ కణం చస్తూ చస్తూ కేక పెడుతుందనీ, ఆ కేకకు రక్షక కణాలు మేలుకుంటాయనీ చూపించారు. ఆ రోజులు చూడకుండానే సుబ్బారావు 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకే, వెళ్ళిపోయాడు.

ఆయన పోయిన మరుసటి ఏడాది న్యూయార్కులో మూర్, ఫుట్ అనే ఇద్దరు వైద్యులు మెడల్లరీ కార్సినోమా అనే ఒక రకం రొమ్ము క్యాన్సర్ గురించి రాశారు. సూక్ష్మదర్శిని కింద అది భయంకరంగా కనిపిస్తుంది, రోగి మాత్రం అనుకున్నదానికంటే బాగా బతుకుతుంది. దాని ఒళ్ళంతా లింఫోసైట్లు. విశాఖలోనూ అప్పటికి కళ్ళు తెరిచి చూసేవాళ్ళు ఉన్నారు. 1957లో ఆంధ్ర మెడికల్ కాలేజీకి చెందిన గోవిందరెడ్డి, వి.కె. రావు మన తీరంలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగడానికీ, అంటే చుట్ట నిప్పు నోట్లోపెట్టుకుని కాల్చడానికీ, అంగిలి క్యాన్సర్‌కీ సంబంధం ఉందని రాశారు. ఒక ఊరి అలవాటును కణాల దాకా వెంటాడి పట్టుకున్న పని అది. రొమ్ము సంగతి కాకపోయినా ఆ వరుసలోంచి దాన్ని తప్పించబుద్ధి కాలేదు. ఇంత జరుగుతున్నా లింఫోసైట్ అసలేం చేస్తుందో ఎవరికీ సరిగా తెలియదు! ఆక్స్‌ఫర్డ్‌లో గోవన్స్ అవి రక్తంలోంచి లింఫులోకి, లింఫులోంచి రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయని చూపించాడు. లండన్‌లో జాక్ మిల్లర్ 1961లో ఎలుకపిల్లల థైమస్ గ్రంథి తీసేస్తే ఆ రక్షణ కుప్పకూలుతుందని కనుక్కున్నాడు. అక్కణ్ణుంచే టి-కణాలన్న పేరు వచ్చింది. ఆస్ట్రేలియాలో మెక్‌ఫార్లేన్ బర్నెట్ పాత ఎర్లిష్ ఊహను దుమ్ము దులిపి 'నిఘా' సిద్ధాంతంగా నిలబెట్టాడు.

అంతలోనే ఎదురుదెబ్బ. 1974లో స్టట్‌మన్ అనే పరిశోధకుడు థైమస్ లేకుండా పుట్టే బోడి ఎలుకలను తీసుకుని, మామూలు ఎలుకల కంటే వాటికి క్యాన్సర్లేమీ ఎక్కువ రావడం లేదని చూపించాడు. నిఘా సిద్ధాంతం చతికిలబడింది. దాదాపు పాతికేళ్ళు ఆ మాట ఎత్తినవాళ్ళను మిగతావాళ్ళు జాలిగా చూశారు. ఆ బోడి ఎలుకల్లో థైమస్‌తో పనిలేని ఇంకో జాతి కాపలాదార్లు ఉన్నాయని మరుసటి ఏడాదే తేలింది. అవి ఎన్‌కే కణాలు. ఆ ఎలుకల్లో రక్షణ పూర్తిగా లేకుండా పోలేదన్నమాట. కానీ ఓడిన పక్షం వాదన వినే ఓపిక అప్పుడెవరికి? ఈలోగా కత్తి మాత్రం మెత్తబడింది. పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ చేసిన పోలికలు 1985 నాటికి గడ్డ మాత్రం తీసి కరెంటు పెట్టినా రొమ్మంతా తీసేసినంత ఫలితమేనని తేల్చాయి. 1990ల మొదట్లో చంకలో మొట్టమొదటి బిళ్ళను మాత్రం వెతికి పరీక్షించే పద్ధతి రొమ్ము క్యాన్సర్‌కి వచ్చింది. బడులు కొన్నయినా మిగిలాయి. మన జనం ఆ దశాబ్దాల్లో రైళ్ళెక్కారు. ముత్తులక్ష్మీరెడ్డి 1954లో అడయారులో పెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి కొందరు, మెహదీ నవాజ్ జంగ్ పూనికతో 1955లో హైదరాబాదులో మొదలైన రేడియం ఆసుపత్రికి, ఇప్పటి ఎంఎన్‌జేకి, మరికొందరు.

1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే గురి ఉన్న యాంటీబాడీలను కుండలకొద్దీ తయారుచేసే విద్య కనిపెట్టడంతో గాలి మళ్ళింది. కొన్ని రొమ్ము గడ్డల మీద హెర్-2 అనే ప్రొటీను గుంపులుగా ఉంటుందనీ, అవి మహా దూకుడుగా ఉంటాయనీ 1987లో స్లామన్ చూపించాడు. దాని మీదికి గురిపెట్టిన ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికా అనుమతి దొరికింది. మొదట అందరూ అది క్యాన్సర్ కణం చెవులు మూసేస్తుందనుకున్నారు. 2000లో న్యూయార్కులో రావెచ్ బృందం తేల్చింది వేరు. యాంటీబాడీ తోకను పట్టుకోవడానికి ఎన్‌కే కణాల వంటివాటికి చేతులు లేకుండా చేస్తే ఎలుకల్లో మందు పనితనం చాలామటుకు పోయింది. అంటే ఆ మందు సగం పని చేయించేది రోగి సొంత కణాలతోనే. మందు చీటీ అంటిస్తుంది, కణం వచ్చి చంపుతుంది. మనిషి యాంటీబాడీలను ఎలుకల్లోనే పుట్టించే విద్యకు ఆద్యుల్లో ఒకరు కాకినాడలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి హార్వర్డ్ చేరిన రాజు కుచెర్లపాటి. 2007లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే ఇంకో యాంటీబాడీ మందుకు మన ప్రత్యామ్నాయం తెచ్చింది. 2014లో బెంగళూరు బయోకాన్ ట్రాస్టుజుమాబ్‌కు అలాంటిదే తెచ్చింది. రెడ్డీస్ మందు వచ్చిన 2007లోనే మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. పొలం అమ్మకుండా కీమో చేయించుకోవడం చాలా ఇళ్ళల్లో అదే మొదలు. చరిత్రలో ఇలాంటివాటికి ప్రయోగశాల తేదీలంత చోటు దొరకదు, దొరకాలి.

ఇక అసలు మలుపు. 2001, 2002 సంవత్సరాల్లో సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ ష్రైబర్ బృందం బోడి ఎలుకల కంటే అధ్వాన్నంగా రక్షణ లేని ఎలుకలను పెంచి, వాటికి క్యాన్సర్లు ఎక్కువగానే వస్తాయని నిరూపించింది. బర్నెట్ గెలిచాడు, కానీ పూర్తిగా కాదు. రక్షక కణాలు దొరికిన క్యాన్సర్ కణాన్నల్లా చంపుతాయి. దొరకని టక్కరివి మిగులుతాయి. మిగిలినవే పెరిగి గడ్డవుతాయి. కాపలా వల్లే దొంగ ఆరితేరుతాడన్నమాట. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్కులో జెఫ్రీ పొలార్డ్ రొమ్ము క్యాన్సర్ వచ్చే ఎలుకల్లో మాక్రోఫేజ్‌లు రాకుండా చేస్తే గడ్డ పెరిగింది గానీ ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని చూపించాడు. మెచ్నికోవ్ ముల్లు చుట్టూ మూగిన ఆ వీరులే ఇక్కడ దొంగకు దారి చూపుతున్నాయి! పుండు మాన్పే పని వాటి స్వభావం. గడ్డను అవి మానని పుండు అనుకుని దానికి రక్తనాళాలు వేసి సేవ చేస్తాయి. విర్షో అనుమానం అంత తప్పేమీ కాదు. ఇంకో రకం టి-కణాలు తోటి టి-కణాలను ఆపుతాయి. జపాన్‌లో సకగుచి 1995లో వీటిని గుర్తించాడు, 2025లో ఆయనతోపాటు మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ఒంటిని ఒళ్ళే తినేయకుండా కాసే ఈ పెద్దమనిషి కణాలు రొమ్ము క్యాన్సర్ రోగుల రక్తంలో మామూలు కంటే ఎక్కువగా ఉంటున్నాయని 2002లోనే తెలిసింది. అంచేత రక్షక కణాలు ఉన్నాయా అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. ఏవి, ఎన్ని, ఎక్కడ? కొన్ని గడ్డల్లో టి-కణాలు అంచు దాకా వచ్చి లోపలికి పోలేక చుట్టూ తిరుగుతుంటాయి. ఆషాఢ పౌర్ణమి ముందు రాత్రి మా గోపాలపట్నం మీదుగా సాగే గిరి ప్రదక్షిణ చూసినవాళ్ళకు ఈ దృశ్యం చప్పున బోధపడుతుంది. ముప్పై రెండు కిలోమీటర్లు, లక్షల కాళ్ళు, కొండ చుట్టూ. తేడా ఏమంటే ఇక్కడ భక్తుడు కోరి తిరుగుతాడు, అక్కడ కణానికి మెట్లు ఎక్కనివ్వరు.

ఒక స్నేహితుడి పుణ్యమా అని నేనూ ఒక స్లైడు చూశాను. గాజుపలక మీద గులాబీ, ఊదా రంగు మరక. కంటికి కటకం ఆనిస్తే మరక ఊరైపోయింది. క్యాన్సర్ కణాలు పెద్దవి, వంకరటింకర, ఒక్కొక్కటీ ఒక్కో సైజు. వాటి మధ్య లేత గులాబీ పీచు. ఆ పీచు నిండా ఆవాలు చల్లినట్టు చిన్నచిన్న గుండ్రటి నల్లటి చుక్కలు. "అవే," అన్నాడు. లింఫోసైట్‌లో కేంద్రకమే అంతా, చుట్టూ సన్నటి అంచు. అందుకే ఆవగింజలా ఉంటుంది. పీచులో ఎంత మేర ఆవాలు ఉన్నాయో కంటితో అంచనా కట్టి శాతం రాయడమే టిల్స్. 2010లో బెర్లిన్‌లో కార్‌స్టెన్ డెంకర్ట్ బృందం వెయ్యికి పైగా రోగుల ముక్కలను ఇలా లెక్కగట్టి, ఆవాలు దండిగా ఉన్న గడ్డలు ఆపరేషన్‌కు ముందిచ్చే కీమోకు ఎక్కువగా కరుగుతాయని తేల్చింది. 2014లో వివిధ దేశాల పెథాలజిస్టులు కూర్చుని లెక్కకట్టే పద్ధతిని ఒక్కటి చేశారు. కొత్త యంత్రం లేదు, ఖరీదైన రసాయనం లేదు. విర్షో కాలపు పరికరమే, 1922లో మేయోలో చూసిన చుక్కలే.

ఈలోగా టి-కణాల కళ్ళేల సంగతి తేలింది. అమెరికాలో అలిసన్, జపాన్‌లో హోంజో కనుక్కున్న ఆ కళ్ళేలకు 2018లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణం ఆ కళ్ళేన్ని లాగి టి-కణాన్ని నిలబెడుతుంది. కళ్ళెం తెంపితే అది మళ్ళీ కదులుతుంది. ట్రిపుల్ నెగటివ్ రకంలో, అంటే హార్మోను మందులకూ హెర్-2 మందుకూ లొంగని రకంలో, కీమోకు తోడుగా పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూసిన 1,174 మంది అధ్యయనంలో ఐదేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 86.6 శాతం, అది లేకుండా 81.7 శాతం. 2021లో అమెరికా అనుమతించింది. వందకు ఐదుగురు తక్కువేమీ కాదు, కానీ అద్భుతమూ కాదు. ఎక్కువమందికి వచ్చే హార్మోను రకంలో ఈ మందు జోరు తక్కువ. ఇదే తరహాలోని ఇంకో మందు, అటెజోలిజుమాబ్, తొందరగా అనుమతి పొంది 2021లో అక్కడే వెనక్కి వెళ్ళింది. కళ్ళెం తెగిన టి-కణం ఒక్కోసారి థైరాయిడ్ మీదా ఊపిరితిత్తుల మీదా పడుతుంది. మన దేశంలో ట్రిపుల్ నెగటివ్ పడమటి దేశాల కంటే ఎక్కువ, వచ్చే వయసు చిన్నది. 2022 అంచనాలో ఒక్క ఏడాదిలో సుమారు 1.92 లక్షల కొత్త రొమ్ము క్యాన్సర్లు, 98 వేలకు పైగా మరణాలు. మందు ధర మాత్రం లక్షల్లో. ఈ చిక్కుకు ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తమదైన దారి తొక్కారు. తల, మెడ క్యాన్సర్లలో ఈ తరహాదే అయిన నివోలుమాబ్‌ను మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే, అంటే మామూలు మోతాదులో పదో వంతు కూడా లేకుండా, ఇచ్చినా ఏడాదికి బతికున్నవాళ్ళు 16 నుంచి 43 శాతానికి పెరిగారని 2022లో చూపించారు. గోవిందరెడ్డి గారి అంగిలి క్యాన్సర్ల వంశంలోదే ఆ జబ్బు. రొమ్ములో అది ఎంత పనిచేస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలాలి. ఆ టాటా సంస్థ కొమ్మే 2014లో మన ఉక్కు కర్మాగారం పొరుగున అగనంపూడిలో నాటిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. ఒకప్పుడు రైలెక్కి అడయారు పోయిన ఊళ్ళు ఇప్పుడు బస్సెక్కి అగనంపూడి పోతున్నాయి.

2020 మే 7న తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి కమ్మినప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎవరికి గడ్డ కనపడినా ఆ రాత్రి గుర్తొస్తుంది. స్టైరిన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్యాన్సర్ తెచ్చే అవకాశమున్నవాటిలో చేర్చింది నిజమే. ఒక మనిషి గడ్డకు ఒక రాత్రిని ముద్దాయిగా నిలబెట్టగల పరీక్ష మాత్రం ఏ ప్రయోగశాలలోనూ లేదు. ఫైలు తెచ్చిన ఆవిడ కూడా నన్ను అదే అడిగింది, ముందు.

తర్వాత నలభై శాతం సంగతి. "ఎక్కువుంటేనే మంచిదమ్మా. మీ అమ్మాయి ఒంట్లో కాపలా నిద్రపోలేదు," అన్నాను. "అయితే ఆ పక్కన తెలుగులో రాసియ్యి బాబూ, మా అల్లుడికి చూపిస్తాను" అంది. పెన్సిలుతో రాశాను. ఆవిడ ముఖం తేటపడింది. పై వరుస చూపించి, "ఇక్కడా మూడుచోట్ల నెగటివ్ అనుంది, నెగటివ్ అంటే ఏటీ లేనట్టే కదా?" అంది. నేను లేచి ఫ్యాను వేసి, ఆవిడకు కుర్చీ జరిపాను.